కేకు మీది చెర్రీ, మన పెరటి వాక్కాయ

(సమాఖ్య వార్షిక మహాసభలో ఒక పొదుపు సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పోయిన ఏడాది మహాసభలో మేము వాక్కాయ పచ్చడి సీసాలు పెట్టి అమ్మాం. అప్పుడు చాలామంది, "ఈ మొక్కలు ఎలా పెంచారు, ఎంత మిగిలింది?" అని అడిగారు. ఈసారి వేదిక మీద చెప్పమని సమాఖ్య వాళ్ళు అన్నారు. చెప్తాం. కాకపోతే మా వాక్కాయ కథ చెర్రీ చెట్టుతో మొదలైంది. అది చెప్పకుండా ఇది చెబితే సగమే చెప్పినట్టు. అందులో మా తప్పు కూడా ఉంది. దాన్ని కూడా చెప్పాలని మా సంఘం మీటింగులో పదిమందిమీ అనుకునే వచ్చాం.

2018 జూన్ నెల. తొలకరి పడింది. మా ఊరికి మొక్కల వ్యాను ఒకటి వచ్చింది. మామిడి, సపోటా, కొబ్బరి మొక్కలతో పాటు ఒక పక్కన రంగు బొమ్మలు కట్టిన మొక్కలున్నాయి. బొమ్మలో ఎర్రగా మెరిసే పళ్ళు గుత్తులు గుత్తులు. "చెర్రీ అమ్మా ఇది. కేకు మీద పెడతారే, అదే. పట్నంలో కిలో 400కి తక్కువ లేదు. మూడో ఏట కాపు" అన్నాడు. మొక్క 350 రూపాయలు.

మాలో ఎవరమూ చెర్రీ చెట్టును చూడలేదు. పండు మాత్రం పిల్లల పుట్టినరోజు కేకుల మీద చూశాం. అదే మాకు చాలనిపించింది. ఆ రోజే సంఘం మీటింగు ఉంది. మనిషికి రెండు మొక్కల చొప్పున 20 మొక్కలు, 7,000 రూపాయలు అంతర్గత అప్పుగా తీసుకుందామని తీర్మానం రాసేశాం. నూటికి నెలకు రూపాయి వడ్డీ.

ఇక్కడ మా తప్పు ఉంది. 20 మొక్కలు తీసుకుంటే రెండు మొక్కలు ఊరికే ఇస్తానన్నాడు వ్యాను అతను. ఆ రెండూ లీడరూ, సెకండ్ లీడరూ తీసుకున్నాం. తీర్మానంలో ఆ ముక్క రాయలేదు, మిగతా వాళ్ళకు చెప్పలేదు. రెండు మొక్కలే కదా అనుకున్నాం. మొక్క ఎక్కడిది, మన నేలకు వస్తుందా, ఇదివరకు ఎవరన్నా పెంచారా అని అడగాల్సిన వాళ్ళం మేమే. ఊరికే వచ్చినదాన్ని చేతిలో పట్టుకున్నాక ఆ ప్రశ్నలు నోట రాలేదు.

గుంతలు తీశాం, పశువుల ఎరువు వేశాం, కంప కట్టాం. రోజూ నీళ్ళు పోశాం. వానాకాలం అంతా ఆకు బాగానే ఉంది. సంక్రాంతి దాటాక ఆకులు అంచుల నుంచి మాడడం మొదలైంది. నీళ్ళు చాలలేదేమోనని ఇంకాస్త పోశాం. కొన్నిటికి వేరే కుళ్ళింది. 2019 మే నెల ఎండలకు 22 మొక్కల్లో 16 ఎండిపోయాయి. మిగిలిన ఆరు బతికున్నాయంటే బతికున్నాయి. పూత లేదు, పిందె లేదు.

మండలంలో ఉద్యాన శాఖ అధికారి దగ్గరికి ఎండిన కొమ్మ పట్టుకుని వెళ్ళాం. ఆయన చెప్పింది మీరందరూ గుర్తుపెట్టుకోవాల్సిన మాట.

చెర్రీ చలిదేశపు చెట్టు. మన దేశంలో ఎక్కువగా కాశ్మీరులో పండుతుంది. షోపియాన్, గాందర్బల్, శ్రీనగర్ వైపు తోటలున్నాయి. హిమాచల్‌లో సిమ్లా, కులూ కొండల మీద కూడా ఉంది. శీతాకాలంలో అక్కడ మంచు పడుతుంది. చెట్టు ఆకులన్నీ రాల్చేసి నిద్రపోతుంది. ఆ నిద్ర తీరాలంటే దాని మొగ్గలకు 7 డిగ్రీల లోపు చలి వందల గంటలు తగలాలి. సాధారణ రకాలకు సుమారు 800 నుంచి 1,200 గంటలు కావాలట. అంత చలి తిన్నాకే మార్చి, ఏప్రిల్‌లో పూత వస్తుంది. మే నుంచి పండు. పైగా చాలా రకాలకు సొంత పుప్పొడి పనికిరాదు, పక్కన వేరే రకం చెట్టు ఉండాలి. తేనెటీగలు ఆ పూతా ఈ పూతా తిరిగితేనే పిందె నిలుస్తుంది.

మన ఊళ్ళల్లో భోగి మంట వేసుకునే రాత్రి కూడా 7 డిగ్రీలు ఎక్కడుంది? నిద్రే పట్టని మనిషిని తెల్లవారింది లెమ్మంటే ఎలా లేస్తుంది? ఎన్ని నీళ్ళు పోసినా, ఎంత ఎరువు వేసినా ఆ చలిని మనం తేలేం. మొక్క చెడ్డది కాదు, మన చాకిరీ తక్కువా కాదు. చోటు కాని చోట పెట్టాం, అంతే.

సరే, మొక్కలు పోయాయి. అప్పు పోలేదు కదా.

మాలో ఒక సభ్యురాలు భర్త పోయి కూలికి వెళ్ళే మనిషి. 700 రూపాయలంటే ఆమెకు అప్పట్లో మూడు రోజుల కూలి పైమాటే. లీడరు మాట మీద తీసుకుంది. వాయిదా అడిగితే, "చెట్టు కాస్తే కడతానన్నాను. చెట్టేదక్కా?" అంది. రెండుసార్లు గట్టిగా అడిగాం. మూడోసారి మీటింగుకు రావడం మానేసింది. ఆమెను చూసి ఇంకో ఇద్దరు వాయిదాలు ఆపారు. పంచసూత్రాలు మనందరికీ నోటికొచ్చు. క్రమంగా సమావేశం, క్రమంగా పొదుపు, అప్పులు ఇవ్వడం, తిరిగి కట్టడం, పుస్తకాలు సరిగ్గా రాయడం. అందులో రెండు దెబ్బతిన్నాయి. మా గ్రేడు తగ్గింది. బ్యాంకు లింకేజీ అప్పు నాలుగు నెలలు ఆగింది. దాని మీద ఆశ పెట్టుకుని గేదెకు బయానా ఇచ్చిన ఒకామె ఆ బయానా పోగొట్టుకుంది. 7,000 రూపాయల మొక్కల దగ్గర మొదలై సంఘమే విడిపోయే దాకా వచ్చింది.

ఆ ఆగస్టులో మా ఇళ్ళల్లో ఒక పిల్లాడి పుట్టినరోజు. కేకు కోశారు. మా సంఘంలో అందరికన్నా పెద్దామె ఉంది, మేమంతా పెద్దమ్మ అంటాం. ఆమెకు పెట్టిన ముక్క మీద ఎర్ర చెర్రీ ఉంది. కొరికి, చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "ఇది వాక్కాయ కదే!" అంది. మేము నవ్వాం. ఆమె నవ్వలేదు. "గింజ తీసిన గాటు చూడండి. తీపి ఎంత పట్టినా కింద పులుపు దాగుద్దా?" అంది.

తర్వాత కేకు తెచ్చిన బేకరీలో అడిగాం. అతను దాచలేదు. మన దేశంలో కేకుల మీద, టుట్టీ ఫ్రూటీ పక్కన, కిళ్ళీల్లో కనిపించే ఎర్ర చెర్రీల్లో చాలా భాగం వాక్కాయలేనట. కాయ గింజ తీసి, ఉప్పునీళ్ళలో ఊరబెట్టి, రంగు పోగొట్టి, మళ్ళీ ఎర్ర రంగు వేసి, చక్కెర పాకంలో నానబెడతారు. ఇంటికొచ్చి పెద్దమ్మ మొహం చూడడానికి సిగ్గేసింది. ఆమె చేను గట్టు మీద వాక్కాయ కంచె 30 ఏళ్ళ నుంచి ఉంది. చెర్రీ కోసం 350 పెట్టి మొక్క కొన్నాం, చెర్రీ కాసే కంచె మీద చీరలు ఆరేసుకుంటున్నాం.

ఆ తర్వాతి మీటింగుకు, మానేసిన ఆమె ఇంటికి లీడరూ సెకండ్ లీడరూ కలిసి వెళ్ళి పిలిచాం. అందరి ముందూ ఊరికే వచ్చిన రెండు మొక్కల సంగతి చెప్పాం. ఒక్కొక్క మొక్కకు 350 చొప్పున 700 రూపాయలు సంఘం నిధికి కట్టి మినిట్స్‌లో రాయించాం. ఎవరూ ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే మాకు ఎక్కువ శిక్ష అయింది. చివరికి పెద్దమ్మే, "అయిందేదో అయింది, నా కంచెలో పళ్ళు రాలిపోతున్నాయి, గింజలు ఏరుకోండి" అంది.

ఇక వాక్కాయ పెంపకం గురించి, మేము చేసినట్టే చెప్తాం. కొన్నిచోట్ల దీన్నే కలేకాయ అని కూడా అంటారు.

గింజ ముందు. బాగా పండి నల్లబడిన పండ్లే తీసుకోవాలి. గింజలు కడిగి, నీడలో ఆరబెట్టి, వెంటనే వేసేయాలి. దాచిపెట్టి వచ్చే ఏడు వేద్దామంటే మొలవవు, వీటికి జీవం త్వరగా పోతుంది. ఎర్రమట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపి సంచుల్లో నింపి వేశాం. మొలక నిదానం, ఎదుగుదల ఇంకా నిదానం. ఓపిక పట్టాలి. మొదటి ఏడు మొక్క సంచిలోనే ఉంటుంది.

ఈ నారు పెంచే పని, మీటింగు మానేసిన ఆమెకు అప్పజెప్పాం. ఆమె ఇంటి వెనక చింతచెట్టు నీడ ఉంది, పక్కనే బోరింగు ఉంది. మొక్కకు 10 రూపాయలు ఇస్తామన్నాం. ఆమె 90 మొక్కలు నిలబెట్టింది. 60 మేము తీసుకున్నాం, 30 పక్క ఊరి సంఘం తీసుకుంది. 900 రూపాయలు వచ్చాయి. ఆమె చెర్రీ బాకీ అసలు 700, 25 నెలల వడ్డీ 175, మొత్తం 875. కట్టేసి, మిగిలిన 25 రూపాయలు పొదుపులో వేయించుకుంది. వడ్డీ తీసేద్దామని మేమన్నాం. "అందరూ కట్టారు, నాకెందుకు తీసేస్తారు?" అంది.

2020 జులైలో నాటాం. కంచెలా కావాలంటే మొక్కకూ మొక్కకూ మూడడుగులు చాలు. విడిగా, కాయ కోసమే అయితే ఏడెనిమిది అడుగులు వదలాలి. అడుగున్నర లోతు, అంతే వెడల్పు గుంత. తీసిన మట్టిలో రెండు తట్టల చివికిన ఎరువు కలిపి నింపాలి. ఎర్ర నేల, రాతి నేల, చౌడు కాస్త ఉన్న నేల, దేనికైనా తట్టుకుంటుంది. నీళ్ళు నిలిచే చోటు మాత్రం పనికిరాదు. మా 60లో ఎనిమిది పోయాయి. ఎనిమిదీ స్నానాల నీళ్ళు చేరే పల్లంలో పెట్టినవే.

మొదటి ఏడు ఎండాకాలంలో వారానికి ఒకసారి నీళ్ళు పోయాలి. వేళ్ళు దిగాక వానకే బతుకుతుంది. కానీ ఫిబ్రవరి, మార్చిలో పూత వచ్చాక, కాయ ఊరేటప్పుడు పది పదిహేను రోజులకొక తడి ఇస్తే కాయ నిలుస్తుంది, సైజు వస్తుంది. కాపుకొచ్చిన మొక్కకు ఏటా తొలకరిలో పది కిలోల పశువుల ఎరువు వేస్తున్నాం. అంతకన్నా ఏమీ వేయడం లేదు.

కత్తిరింపు గురించి మేము ఒకసారి పొరపాటు పడ్డాం. కంచె అందంగా ఉండాలని జనవరిలో కొసలన్నీ కొట్టేశాం. ఆ ఏడు ఆ వరసలో కాయే లేదు. వాక్కాయకు పూత కొత్త కొమ్మల కొసల్లో వస్తుంది. కాబట్టి కాయ కోత అయిపోయాక, సెప్టెంబర్ ప్రాంతంలో, ఎండు కొమ్మలు, మొదట్లో వచ్చే పిలకలు తీసేయాలి. తర్వాత మళ్ళీ కత్తెర పెట్టకూడదు. ముళ్ళు గట్టివి. పొడుగు చేతుల చొక్కా వేసుకోకుండా దిగొద్దు. పశువులు దీని జోలికి రావు కాబట్టి వేరే కంప కట్టే ఖర్చు ఉండదు.

ఇంకో జాగ్రత్త. కోస్తే తెల్లటి పాలు వస్తాయి, బంకగా అంటుకుంటుంది. చేతికీ కత్తికీ నూనె రాసుకోవాలి. కాయల్ని ఉప్పునీళ్ళలో వేసి కడగాలి. ఇది గన్నేరు కుటుంబపు మొక్కే. వాక్కాయ తినేదే, గన్నేరు మాత్రం విషం. రెండూ పక్కపక్కన ఉన్న ఇళ్ళల్లో పిల్లలకు ఏది ఏదో చూపించి చెప్పండి.

2022లో చారెడు కాయలు. 2023లో ఇళ్ళకు సరిపోయాయి. 2024లో 52 మొక్కలకు 156 కిలోలు వచ్చాయి. అంటే మొక్కకు మూడు కిలోలు. అందులో 36 కిలోలు ఇళ్ళల్లో వాడుకున్నాం. వాక్కాయ పప్పు, పులిహోర, రోటి పచ్చడి మీకు నేను చెప్పక్కర్లేదు. 80 కిలోలు పచ్చికాయే కిలో 50 చొప్పున అమ్మాం, 4,000 వచ్చింది. 35 కిలోలు పచ్చడి పెట్టాం. నూనె, కారం, సీసాలు కలిపి ఖర్చు 4,600, అమ్మకం 10,800. మిగులు 6,200. అంతా కలిపి 10,200 రూపాయలు. పదిమందికి పంచితే తలా 1,020. పెద్ద డబ్బు అని చెప్పం. కానీ నేల కొనలేదు, మందు కొట్టలేదు, కంచె ఖర్చు మిగిలింది.

మిగిలిన ఐదు కిలోలు చెర్రీ చేసి చూశాం. గింజ తీసి, ఉప్పునీళ్ళలో ఒక రోజు, సున్నపు తేటలో కొన్ని గంటలు ఉంచి, బాగా కడిగి, కిలోకు కిలో చక్కెర చొప్పున రోజూ పాకం చిక్కబరుస్తూ నాలుగు రోజులు నానబెట్టాం. రుచి బాగుంది. రంగు కోసం బీట్‌రూట్ రసం వేశాం. వేడి తగిలాక వెలిసిపోయింది. బేకరీ అతను చూసి, "ఎర్రగా లేకపోతే కేకు మీద ఎవరూ కొనరమ్మా" అన్నాడు. సంతలో దొరికే రంగు పొడి వేద్దామని ఒకరిద్దరు అన్నారు. తినే వస్తువులో వేసే రంగుకు నిబంధన ఉంది. ఏ రంగు, ఎంత అనేది కొలిచి వేయాలి. ఆ కొలత మా దగ్గర లేదు. మన పిల్లలు తినేది అని ఆగిపోయాం. ఆ ఐదు కిలోలూ మా పిల్లలే తినేశారు. పచ్చడికి మాత్రం ఆహార భద్రత రిజిస్ట్రేషన్ తీసుకున్నాం. మాలాంటి చిన్న వాళ్ళకు మేము తీసుకున్నప్పుడు ఏడాదికి 100 రూపాయలే. సీసా మీద నంబరు ఉంటే కొనేవాళ్ళకు ధైర్యం.

ఇంకా చెర్రీ అనే పేరుతో రెండు మూడు మొక్కలు మనకు అమ్ముతారు. బార్బడోస్ చెర్రీ అని ఒకటి ఉంది. అది వేడి దేశపు మొక్కే, మన ఎండకు వస్తుంది. మాలో ఒకరింట్లో కాసింది కూడా. సి విటమిన్ బాగా ఎక్కువ. కానీ కోసిన రెండో రోజుకే మెత్తబడుతుంది. ఇంట్లో పిల్లలకు మంచిది, సంతకు పనికిరాదు. సింగపూర్ చెర్రీ అని రోడ్ల పక్కన కనిపించేది నీడకూ, పిట్టలకూ మంచిది. పేరు ఒకటే అయినా ఈ చెట్లు వేరు, కాశ్మీరు చెర్రీ వేరు. పేరు చూసి కొనకండి.

ఇప్పుడు మా సంఘంలో ఒక నియమం పెట్టుకున్నాం. మొక్కయినా, కోడిపిల్లయినా, మిషనయినా, సంఘం డబ్బుతో కొనే ముందు నాలుగు ప్రశ్నలు మినిట్స్‌లో రాయాలి. ఇది మన దగ్గర ఎక్కడైనా బతికి కాసిందా, మనలో ఎవరు వెళ్ళి కళ్ళతో చూశారు? పోతే నష్టం ఎవరు భరించాలి? అమ్మేవాడు మళ్ళీ కనిపిస్తాడా? మనలో ఎవరికైనా ఊరికే ఏమైనా ఇస్తున్నాడా? నాలుగో ప్రశ్నకు లీడరే ముందు జవాబు చెప్పాలి. అడగడానికి మొదట్లో మొహమాటపడేవాళ్ళం. ఇప్పుడు అలవాటైంది.

నారు పెంచిన ఆమె ఈ ఏడాది మా సెకండ్ లీడరు. ఆమె పెరట్లో ఇప్పుడు 200 వాక్కాయ మొక్కలు సంచుల్లో ఉన్నాయి. కావాల్సిన సంఘాలు జులై లోపు చెప్పండి. కొనే ముందు మా ఊరు వచ్చి కంచె చూడండి. చూడకుండా ఇవ్వం.

చెర్రీ మొక్కల్లో బతికిన ఆరింటిలో ఒకటి ఇంకా ఉంది. లీడరు ఇంటి ముందు, ఊరికే వచ్చిన వాటిలోదే. పీకేద్దామని చాలాసార్లు అనుకున్నాం. పెద్దమ్మ వద్దంది. "ఉండనీయండే, కొత్త లీడర్లు వచ్చినప్పుడు చూపించడానికి ఉండాలి" అంది. ఉంచాం. నీళ్ళు కూడా పోస్తున్నాం.